ఆర్డెన్ చెప్పిన టైము

మా క్రాస్‌బీ హార్బర్‌లో గడియారాలకు కొదవ లేదు. చర్చి గోపురానికి ఒకటి, పోస్టాఫీసు గోడకి ఒకటి, చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకటి. మూడూ ఒకే టైము చూపిస్తాయి కూడా. అయినా ఆర్డెన్ వెంట్‌జెల్ రిపేరు షాపులో అడుగుపెట్టినవాళ్లు చేతి గడియారం విప్పి జేబులో వేసుకుంటే మనశ్శాంతి. అక్కడ దానితో పనిలేదు.

ఆర్డెన్ పనితనానికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. గడ్డి కోసే మిషన్లు, మంచు తోసే మిషన్లు, పడవ ఇంజన్లు, టోస్టర్లు, రేడియోలు, ఏదైనా సరే, అతని చేయి పడిందంటే మళ్లీ పదేళ్లు దగ్గదు, తుమ్మదు. ఎటొచ్చీ ఆ చేయి పడడానికే కాలం పడుతుంది. మే నెలలో ఇచ్చిన గడ్డి మిషన్ నవంబరులో, బయట మంచు కురుస్తుండగా, తళతళ మెరుస్తూ ఇంటికి చేరుతుంది. మంచు మిషన్ ఏప్రిల్‌లో వస్తుంది, అప్పటికి పెరట్లో పూలు పూస్తుంటాయి. అయినా ఊళ్లో ఎవరూ వేరే షాపుకి పోలేదు. వేరే షాపు లేదనుకోండి, అది వేరే సంగతి.

ఎప్పుడవుతుందని అడిగితే ఆర్డెన్ దగ్గర జవాబులకి కరువు లేదు. "ఒక్క నిమిషం" అన్నాడంటే ఇంటికెళ్లి భోజనం చేసి రావచ్చు. "రెండు నిమిషాలు" అన్నాడంటే అంతకంటే నయం, అప్పటికే పని మొదలుపెట్టి ఉంటాడు గనుక అరగంటలో ఇచ్చేస్తాడు. "ఇదిగో, ఇప్పుడే" అంటే రేపు. "ఒకటి రెండు రోజులు" అంటే రెండు వారాలు. "త్వరలోనే" అంటే ఆకులు రాలాక. "గొర్రెపిల్ల తోక రెండుసార్లు ఊపేలోపు" అని మా తాతల నాటి మాట ఒకటుంది, తక్షణం అని దాని అర్థం. ఆ మాట ఆర్డెన్ నోట వస్తే, ఆ గొర్రెపిల్ల పెరిగి పెద్దదై, ఉన్ని ఇచ్చి, ఆ ఉన్నితో ఎవరో స్వెటరు అల్లడం కూడా అయిపోయేది. ఇక "ఎప్పుడో ఒకరోజు చేసేద్దాంలే" అన్నాడా, ఆ వస్తువు మీద ఆశ వదులుకోవడమే.

అతను అబద్ధాలకోరని ఎవరైనా అంటే నేను ఊరుకోను. అబద్ధమాడేవాడు చూపు తప్పిస్తాడు. ఆర్డెన్ ఎదుటివాళ్ల మొహంలోకి సూటిగా చూస్తూ, ఆ మాట అంటున్నంతసేపూ దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతూ అనేవాడు. ఎవరి మొహమూ చిన్నబోవడం అతను చూడలేడు. తేదీ చెబితే తప్పిపోవచ్చు. తప్పితే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు. "త్వరలోనే" అన్నాడనుకోండి, అది తప్పిందని ఏ రోజున పట్టుకుంటారు?

షాపుకి వచ్చిన ప్రతి వస్తువుకీ ఒక అట్ట చీటీ తీగతో కట్టేవాడు. వాళ్లమ్మ బతికున్నప్పుడు హాలిఫాక్స్‌లో అచ్చు వేయించి తెచ్చినవి, పెట్టెలకి పెట్టెలు. చీటీ మీద మూడు గీతలు: ఎవరిది, ఏమైంది, ఎప్పటికి సిద్ధం. కింద చింపి ఇచ్చే చిన్న ముక్క, వస్తువు తీసుకోవడానికి వచ్చినప్పుడు చూపించాలి. ముప్ఫై ఏళ్లలో ఆ మూడో గీత మీద ఒక్క అంకె పడి ఎరగదు.

షాపుకి ఆనుకునే పోస్టాఫీసు. అందులో కూర్చునేది వెల్డా రఫ్యూజ్. ఆర్డెన్ చెప్పింది అర్థంకాని వాళ్లందరూ నేరుగా ఆమె కిటికీ దగ్గరికే వచ్చేవాళ్లు.

"వెల్డా, నా పడవ ఇంజను 'త్వరలోనే' అన్నాడు."

"తల గోక్కుంటూ అన్నాడా, గోక్కోకుండా అన్నాడా?"

"గోక్కుంటూనే."

"అయితే అక్టోబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగ దాటాక చూడు. ఈలోపు మీ బావమరిది పడవ అడుక్కో."

స్టాంపు అంటిస్తూనే చెప్పేది, తలెత్తేది కాదు. చెప్పింది మూడు నాలుగు రోజుల తేడాతో జరిగి తీరేది. వాతావరణం సంగతి రేడియోవాడు తప్పు చెప్పొచ్చు గానీ ఆర్డెన్ సంగతి వెల్డా తప్పు చెప్పదని ఊళ్లో అనుకునేవాళ్లు.

ఆమెకి ఆ విద్య ఊరికే రాలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి ఆర్డెన్ ఆమె ఇంటికి భోజనానికి వస్తాడు. అంటే ఏడింటికి వస్తాడు. వెల్డా ఆరున్నరకి బంగాళాదుంపలు పొయ్యి మీద పెడుతుంది, ఏడు కాగానే చేప వడలు వేయిస్తుంది. అతను తలుపు తీసి, టోపీ తీసి, "ఆలస్యమైందా?" అంటాడు. "సరిగ్గా వేళకే వచ్చావు" అంటుంది ఆమె. అందులో వెటకారం ఏమీ ఉండదు, వడలు అప్పుడే పెనం మీంచి దిగుతుంటాయి.

ఇలా పద్నాలుగేళ్లు. మొదటి ఏడాదిలోనే ఒక సాయంత్రం, రేవు మీద కాళ్లు వేలాడేసి మాకెరెల్ చేపలు పడుతూ, ఆర్డెన్ గాలానికి ఎర గుచ్చుతూ అన్నాడు: "మనిద్దరం పెళ్లి చేసుకోవాలి వెల్డా. ఎప్పుడో ఒకరోజు."

"సరే" అంది వెల్డా. అప్పటికింకా ఆమె దగ్గర ఆ లెక్కలేవీ లేవు.

తర్వాత ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆర్డెన్ మనసులో మాత్రం అది అయిపోయిన పనే. అతని షెల్ఫ్ మీద ఉన్న ప్రతి వస్తువూ అతని లెక్కలో దాదాపు అయిపోయినట్టే ఉంటుంది, చేయి పెట్టడం ఒక్కటే తరువాయి.

ఎనభై ఏడు వేసవిలో ఊళ్లోకి లయొనెల్ ప్రిచర్డ్ గారు దిగారు. ఒంటారియోలో ముప్ఫై ఎనిమిదేళ్లు రైల్వేలో చేసి, రిటైరై, సముద్రం చూస్తూ బతుకుదామని వచ్చిన మనిషి. గొలుసు గడియారం తీసి చూసుకోకుండా తుమ్మేవారు కూడా కాదు. జూలైలో ఆయన టోస్టరు పాడైంది. ఆగస్టు చివర్లో ఒకరోజు, చెవులు ఎర్రబడిపోయి, పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డారు.

అదే సమయంలో ఆర్డెన్ కూడా పోస్టాఫీసులోనే ఉన్నాడు. గది మూలన పార్సిల్ అరల వెనక వంగి, కార్బ్యురేటర్ వచ్చిందేమోనని వెతుక్కుంటున్నాడు. ఊళ్లో అతనికి ఆపాటి చనువు ఉంది. ప్రిచర్డ్ గారు అతన్ని చూడలేదు.

"చూడమ్మా," అన్నారు ఆయన, "మొదట ఒక్క నిమిషం అన్నాడు. తర్వాత ఒకటి రెండు రోజులన్నాడు. ఇవాళ వెళితే, 'ఎప్పుడో ఒకరోజు చేసేద్దాంలెండి' అంటాడు. ఏమిటమ్మా దానర్థం? రైలు అలా నడుస్తుందా?"

"ఎప్పుడో ఒకరోజు అన్నాడా?" అంది వెల్డా. "సరిగ్గా అదే మాట?"

"అదే మాట."

"అయితే ఇంక చేయడండి. ఆ మాట అన్నది ఇంతవరకూ ఒక్కటి కూడా చేయలేదు. ఎదురుచూడకండి, కొత్తది కొనుక్కోండి."

ఎప్పటిలాగే తలెత్తకుండా అంది. కానీ ఈసారి స్టాంపు తడుపుతున్న ఆమె వేలు అంటిద్దామనుకున్న కవరు మీదికి పోకుండా గాల్లోనే ఆగిపోయింది. ఏం మాట అన్నదో తన చెవికే అప్పుడు చేరినట్టుంది. ప్రిచర్డ్ గారు థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. అరల వెనక నుంచి ఆర్డెన్ లేచి నిలబడ్డాడు.

ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"కార్బ్యురేటర్ రాలేదు" అన్నాడు ఆర్డెన్.

"గురువారం వస్తుంది" అంది వెల్డా.

ఆర్డెన్ షాపుకి తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, సాయంత్రం దాకా ఒకే మరమేకును బిగిస్తూ విప్పుతూ ఉండిపోయాడు. ఊరంతా తనని చూసి నవ్వుకుంటుందని అతనికి తెలుసు, ఏనాడూ బాధపడలేదు. వెల్డా నవ్వలేదు. ఆమె ఉన్న సంగతి చెప్పింది.

సోమవారం పొద్దున వెల్డా షాపులోకి వచ్చింది. కోటు గుండీకి ఒక అట్ట చీటీ తీగతో కట్టుకుని ఉంది. వచ్చి, టోస్టరుకీ ఒక పాత కుట్టు మిషన్‌కీ మధ్య కౌంటరు మీద మోచేయి ఆనించి నిలబడింది.

"రాసుకో" అంది.

ఆర్డెన్ వంగి చీటీ చదివాడు. ఎవరిది: వెల్డా రఫ్యూజ్. ఏమైంది: పద్నాలుగేళ్లుగా షెల్ఫ్ మీదే ఉంది. మూడో గీత ఖాళీ.

"కాల్గరీలో మా అక్క మర్నా రమ్మంటోంది" అంది వెల్డా. "అక్కడి పోస్టాఫీసులో ఖాళీ ఉంది, బదిలీ కాగితం కూడా వచ్చింది. సెప్టెంబరు ఇరవై, ఆదివారం బయల్దేరాలి. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. నీ చీటీ మీద ఏం రాస్తావో చూసి చెబుదామని వచ్చా."

"వెల్డా, దీని గురించి మనం కూర్చుని..."

"నిలబడే ఉన్నాగా."

ఆర్డెన్ చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు. తల గోక్కున్నాడు. గోక్కుంటే ఏమర్థమో ఆమెకి తెలుసని గుర్తొచ్చి చేయి దించేశాడు. గీత మీద "త్వ" అని రాశాడు.

"ఆర్డెన్," అంది వెల్డా మెల్లగా, "ఆ గీత మీద నువ్వు రాసే ప్రతి మాటకీ అర్థం ఊరికి చెప్పేది నేనే."

"నాకు భయం వెల్డా" అన్నాడు చివరికి. "తేదీ వేసి, ఆ రోజుకి ఏదో ఒకటి అడ్డం వచ్చి, నువ్వు నన్ను అదోలా చూస్తే నేను తట్టుకోలేను."

"వేయకపోతే చూడననుకున్నావా? పద్నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నా. నువ్వే ఎప్పుడూ ఏదో ఇంజనులోకి తల దూర్చి ఉంటావు."

ఆర్డెన్ రబ్బరుతో "త్వ" చెరిపాడు. చెరిపిన చోట అట్ట నలిగి మసిబారింది. దానిమీదే, చిన్నపిల్లాడు కాపీ రాసినట్టు ఒత్తి ఒత్తి రాశాడు: శనివారం, సెప్టెంబరు 19, మధ్యాహ్నం రెండు గంటలకు.

వెల్డా చదివింది. మళ్లీ చదివింది. తీగ విప్పి చీటీ అతని ముందు పెట్టి, కింది ముక్క చింపి పర్సులో వేసుకుంది.

"చూద్దాం" అంది. కాల్గరీ వద్దనలేదు, సూట్‌కేసు సర్దడమూ మానలేదు.

ఊళ్లో ఆ పెళ్లి మాట పాకడానికి నిజంగానే రెండు నిమిషాలు పట్టింది. చర్చిలో పెళ్లిళ్లు చేయించే పాస్టరమ్మ జూన్ మోషర్ గారు చర్చి సిద్ధం చేస్తానన్నారు. ఆడవాళ్లు కేకులూ, బ్లూబెర్రీ గ్రంట్ అనే పళ్ల తీపి వంటకమూ ఎవరెవరు చేయాలో పంచుకున్నారు. అందరూ అందరినీ ఒకటే అడిగారు: "ఆర్డెన్ రెండు గంటలంటే ఎన్ని గంటలు?" అడగాల్సిన మనిషినే అడుగుదామని వెల్డా దగ్గరికీ వెళ్లారు. ఆమె స్టాంపు అంటిస్తూ, "మూడున్నర" అంది.

శనివారం ఆర్డెన్ నాలుగింటికే లేచాడు. గడ్డం గీసుకుని, సూటు వేసుకుని, ఏదైనా అడ్డం వస్తుందేమోనని షాపువైపు వెళ్లకుండా వెనకదారిన నడిచాడు. దారిలో ఒకతను కంచె మీంచి, "ఆర్డెన్, నా రంపం..." అన్నాడు. ఆర్డెన్ బతుకులో మొదటిసారి "కుదరదు" అన్నాడు.

ఒకటిన్నరకి చర్చిలో ఉన్నాడు. తలుపు తీసే ఉంది, లోపల పూలున్నాయి, మనుషులు లేరు. ముందొచ్చింది నేనే కదా అనుకుని ముందు బెంచీ దగ్గర నిలబడ్డాడు. రెండయింది. గోపురం మీద గంట రెండుసార్లు మోగింది. రెండో గంట మోత ఆగకముందే తలుపు తెరుచుకుంది, ఆర్డెన్ కోటు సర్దుకున్నాడు.

ప్రిచర్డ్ గారు. గొలుసు గడియారం చూసుకుంటూ వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. వెనక్కి చూశారు, పక్కకి చూశారు.

"నేను పొరబాటున వేరే రోజు రాలేదు కదా?"

"లేదండీ, ఇవాళే."

"మిగతావాళ్లు?"

"వస్తుంటారు" అన్నాడు ఆర్డెన్. "ఇదిగో, ఇప్పుడే." ఆ మాట అనగానే దానర్థం రేపని గుర్తొచ్చి తలుపువైపు చూశాడు.

రెండుంపావు. రెండున్నర. ఆర్డెన్ పాస్టరమ్మ గారి గదిలో ఫోను తీసి ఆవిడ ఇంటికి చేశాడు. వెనకనుంచి కంచాల చప్పుడు, నవ్వులు. "అరె, ఆర్డెనూ, అప్పుడే లేచావా?" అన్నారు ఆవిడ. "ఒక్క నిమిషంలో వచ్చేస్తున్నా" అని పెట్టేశారు. వెల్డా ఇంటికి చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు.

వెళ్లిపోయిందనుకున్నాడు. ఒకరోజు ముందే వెళ్లిపోయింది, తప్పేముంది? ఇన్నేళ్లు ఆగింది చాలదా?

తిరిగొచ్చి నిలబడ్డాడు. నిమిషం అంటే ఎంతసేపో యాభై మూడేళ్ల ఆ మనిషికి ఆ మధ్యాహ్నం తెలిసింది. చాలా సేపు. తలుపువైపు చూసి, కిటికీవైపు చూసి, బూట్లవైపు చూసి, మళ్లీ తలుపువైపు చూసినా ఇంకా అదే నిమిషం. ఇలాంటివి ఎన్ని లక్షలు ఊరివాళ్ల చేత మింగించాడో, అందులో సగం వెల్డా ఒక్కదాని చేతే మింగించాడో తలుచుకుంటే అతనికి నిలబడాలనిపించలేదు. అయినా నిలబడ్డాడు. ఆమె వచ్చేసరికి తను కూర్చుని కనబడకూడదు.

"వెంట్‌జెల్," అన్నారు ప్రిచర్డ్ గారు, ఏదో ఒకటి మాట్లాడాలి గనుక, "నా టోస్టరు..."

"సోమవారం పొద్దున పది గంటలకు" అన్నాడు ఆర్డెన్.

ప్రిచర్డ్ గారు గడియారం మూసి జేబులో పెట్టేసుకున్నారు.

మూడు దాటగానే బయట కార్ల తలుపులు పడ్డ చప్పుడైంది. ఊరు ఊరంతా, ఆర్డెన్‌కంటే ముందొచ్చి మంచి బెంచీలు పట్టుకుందామని, నవ్వుకుంటూ లోపలికి వచ్చింది. వచ్చి, అతన్ని చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కాలరు చెమటకి తడిసిపోయి, కళ్లు కాయలు కాచి, ఎవరూ లేని చోట కొయ్యలా నిలబడి ఉన్నాడు. ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటూ, పిల్లుల్లా నడిచి కూర్చున్నారు.

అందరికంటే చివర వెల్డా వచ్చింది. నీలం గౌను, చేతిలో తెల్ల ఆస్టర్ పూలు. చేతి తొడుగు సవరించుకుంటూ గుమ్మంలో తలెత్తింది.

"నువ్వెప్పుడొచ్చావు?" అంది అక్కడినుంచే.

"ఒకటిన్నరకి."

వెల్డా పక్కనున్న బెంచీ మీద కూలబడిపోయింది. ఆర్డెన్ నడవలోంచి గబగబా ఆమె దగ్గరికి వెళ్లాడు. పెళ్లికూతురి దగ్గరికి పెళ్లికొడుకు పరిగెత్తడం మా చర్చిలో అదే మొదలు.

"నేనే అందరికీ మూడున్నరని చెప్పా" అంది వెల్డా. "ముందొచ్చి కూర్చోవడం నావల్ల కాలేదు ఆర్డెన్. ఇంకొక్కసారి నీకోసం ఎదురుచూస్తే చచ్చిపోతాననిపించింది. సూట్‌కేసు కారులోనే పెట్టుకొచ్చా, నువ్వు లేకపోతే అటునుంచి అటే పోదామని."

"గంటా నలభై అయిదు నిమిషాలు" అన్నాడు ఆర్డెన్. ఏడుస్తున్నాడు, తుడుచుకోవడం కూడా తెలియలేదు. "అంతే నిలబడ్డాను. ప్రాణం పోయింది. నువ్వు పద్నాలుగేళ్లు ఎలా నిలబడ్డావు?"

వెల్డా పర్సు తీసి, వెతికి, చీటీ కింది ముక్క అతని చేతిలో పెట్టింది. "సిద్ధమైందా?" అంది.

"సిద్ధం" అన్నాడు ఆర్డెన్.

సోమవారం సరిగ్గా పది గంటలకు ప్రిచర్డ్ గారు రిపేరు షాపుకి వెళ్లారు. తలుపు తాళం వేసి ఉంది. మెట్టు మీద, గోధుమరంగు కాగితంలో చుట్టిన టోస్టరు. దాని చీటీ మూడో గీత మీద రోజు, తేదీ, గంట అన్నీ ఉన్నాయి. ఇంటికెళ్లి చూస్తే రొట్టె అటూ ఇటూ సమంగా కాలింది.

తలుపుకి మాత్రం ఇంకో చీటీ వేలాడుతోంది. దాని మీద వెల్డా గుండ్రటి చేతిరాత: "ఒక్క నిమిషంలో వస్తాం."

ప్రిచర్డ్ గారు అలవాటుగా పక్కనున్న పోస్టాఫీసుకి వెళ్లి అర్థం అడిగారు. కిటికీ వెనక వెల్డాకి బదులు పొరుగూరినుంచి వచ్చిన కొత్తమనిషి ఉంది. నిమిషమంటే అరవై సెకన్లేనండీ అందట. ఆ నిమిషం గురువారం దాకా సాగింది.